జాజరూ అంటే జాజిరి అనుకున్నా

మా అమ్మ, అంటే అవ్వ, పోయిన నెలకు ఆమె దేవుడి పీటను కడిగి పెడదామని కదిపాను. కింద పసుపు గుడ్డలో చుట్టిన చిన్న మూట ఒకటి కనపడింది. ముడుపేమో, ఏ మొక్కు బాకీ పడిందో అనుకుంటూ విప్పితే తాళంచెవి. తుప్పు పట్టిన ఇనుప చెవి, దాని మెడకు మరమగ్గం సాంచా మీది ఎర్రదారం ఏడెనిమిది చుట్లు చుట్టి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టి, నిప్పు తాకినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అది పాయఖానా తాళంచెవి. రాజన్న పటం కింద, కుంకుమ భరిణె పక్కన, ఇన్నేండ్లు రోజూ అగరొత్తుల పొగ పీలుస్తూ ఉండిపోయింది. మా నాయనమ్మ, బాపమ్మ, బతికి ఉండి చూస్తే పీటతో సహా తీసుకుపోయి తాపీ నదిలో పారేసి వచ్చేది. అవ్వ దాన్ని అక్కడ ఎందుకు పెట్టిందో నాకు ఎన్నడూ చెప్పలేదు. ఇంట్లో ఉందని తెలిస్తే కదా నేను అడగడానికి!

నేను మామూలుగా దండం పెట్టుకునే మనిషిని. పొద్దున లేవగానే నల్లా వచ్చినందుకు ఒక దండం, మోకాళ్లు మాట విన్నందుకు ఒక దండం, గ్యాస్ పొయ్యి ఒక్క పుల్లకు అంటుకున్నా ఒక దండం. మా పిల్లలు నవ్వుతారు. ఈ చెవి సంగతి రాద్దామని కూర్చుంటే మాత్రం దండం కన్నా ముందు ఓకరింత వస్తోంది. వచ్చినా రాస్తాను. మంచి సంగతులకు దండం పెట్టి, రోత సంగతులను పీట కింద దాచిపెడితే అది భక్తి అవుతుందా అని ఈ మధ్య అనుమానం పట్టుకుంది.

అప్పుడు మేము సూరత్‌లోని ఉధ్నాలో ఒక్క గదిలో ఏడుగురం ఉండేవాళ్లం. బాపు, చిన్నాయన సాంచాల మీద పనిచేసేవాళ్లు. ఒకరిది పగటి పాళీ, ఒకరిది రాత్రి పాళీ, అందుకే గదిలో ఒక చాప ఎప్పుడూ పరిచే ఉండేది. అవ్వ, చిన్నమ్మ ఇంట్లో బాబిన్లు చుట్టేవాళ్లు. నాకు పదేండ్లు ఉంటాయేమో, నా తర్వాత తమ్ముడు. అందరి మీద బాపమ్మ. గోడకు ఆనుకుని కార్ఖానా ఉండేది కాబట్టి సాంచాల చప్పుడుకు గిన్నెలు అరుగు మీద వాటంతట అవే జరిగేవి. బాపమ్మ పూజకు పెట్టిన ఉద్ధరిణె రోజూ పంచపాత్రలో లయగా మోగుతూ ఉంటే, దేవుడు కూడా పాళీ చేస్తున్నాడని చిన్నాయన హాస్యమాడేవాడు. వాసనలు తలుచుకుంటే గంజి వాసన, ఇంజన్ నూనె వాసన, పొద్దున రొట్టెల పొగ, పక్కగదిలోని ఒడియా పిల్లలు ఆవాలు నూరి వండే కూర ఘాటు. వీటన్నిటి మీదా, వీటన్నిటి కిందా ఖాడీ వాసన. మా గల్లీ చివర పారే మురుగు కాలువను ఊరంతా ఖాడీ అనేది. రంగుల మిల్లులు ఏ రంగు అద్దితే అది ఆ రంగులో పారేది. ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా. బట్టకు అంటకుండా మిగిలిన రంగంతా మా గుమ్మం ముందు నుంచి పోయేది. ఆ బట్ట మాత్రం మా ఒంటి మీదికి ఏనాడూ రాలేదు.

మా గల్లీలో ఎవరింట్లోనూ పాయఖానా లేదు. మగవాళ్లు కార్ఖానాల్లో ఎక్కడో చూసుకునేవాళ్లు. ఆడవాళ్లందరికీ ఖాడీ గట్టే దిక్కు. తెల్లవారక ముందు లేచి, చెంబులు కొంగు కింద దాచుకుని, గుంపుగా వెళ్లేవాళ్లం. గట్టు మీద తెలుగువాళ్ల జాగా వేరు, మరాఠీవాళ్ల జాగా వేరు, ఒడియావాళ్లది ఆ కొస. ఎవరు గీత గీశారో తెలియదు గానీ ఆ రోతలో కూడా సరిహద్దులు ఉండేవి. ఎవరైనా దాటితే తగువు. గట్టు పక్క పట్టాల మీద రైలు వస్తే మాత్రం అన్ని భాషల ఆడవాళ్లూ ఒక్కసారే లేచి నిలబడేవాళ్లు, తలలు వంచుకుని. వాళ్ల మధ్య నేను చూసిన ఐకమత్యం అంతవరకే. బాపమ్మ తిరిగొచ్చి నెత్తి మీద నుంచి స్నానం చేస్తే తప్ప మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. నీళ్లేమో రెండు బిందెలు. ఆమె మడికి ఒక బిందె పోయేది, మిగిలినదానితో ఆరుగురం సర్దుకునేవాళ్లం.

ఆ ఏడు చిన్నమ్మ కడుపుతో ఉంది. పేరు లలిత, సిరిసిల్ల పక్క పల్లె పిల్ల, అచ్చం పాలరాయిలా ఉండేది. ఏడో నెల వచ్చాక గట్టు ఎక్కడం కష్టమైంది. రైలు వచ్చినప్పుడు దిగ్గున లేవలేకపోయేది, లేవకపోతే సిగ్గు. అందుకని ఆమె ఒక ఉపాయం చేసింది. నీళ్లు తాగడం మానేసింది. అన్నం రెండు ముద్దలు. "ఆకలి లేదక్కా" అని అవ్వతో అనేది. అవ్వకు తెలుసు. అందరు ఆడవాళ్లకూ తెలుసు, ఎందుకంటే అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ పని చేసినవాళ్లే.

అంతకు కొన్నాళ్ల ముందు ఊళ్లో పాడు జ్వరాలు వచ్చి జనం బెదిరి పారిపోయి, మళ్లీ తిరిగి వచ్చారు. ఆ తర్వాత ఊరిని కడగడం మొదలుపెట్టారు. రోడ్లు కడిగారు, చెత్త ఎత్తారు, గోడలకు సున్నం కొట్టారు. మంచి పనే, ఎవరు చేసినా వాళ్లకు దండం. అయితే పెద్ద రోడ్ల మీద ఎత్తిన చెత్తలో సగం మా ఖాడీ గట్టుకే వచ్చేది. అద్దంలా మెరిసే చౌరస్తాల్లో మమ్మల్ని చూసి, రోగం తెచ్చేది మీరేనని ముక్కు మూసుకునేవాళ్లు. సరే, అదట్లా ఉంచితే, గల్లీ గల్లీకి పాయఖానాలు కట్టిస్తారని, ఎక్కడ లేవో రాసుకోవడానికి మనుషులు వస్తారని కబురు వచ్చింది. మా పెద్దబాపు, అంటే బాపు అన్న, మా గల్లీ తెలుగువాళ్లకు పెద్దమనిషి. ఆయన ఇంటింటికీ చెప్పాడు: "వచ్చినోళ్లకు జర మర్యాదగ చెప్పుండ్రి. లేదని చెప్పుండ్రి. మన లలిత కాన్పు లోపల్నే అయితది." చిన్నమ్మ ఆ మాట విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నాకు ఇంకా కనపడుతుంది.

నేను బడికి పోలేదు. తెలుగు బడి దూరం, దారిలో పెద్దరోడ్డు. బాపు అక్షరాలు దిద్దించాడు, బాపమ్మ శతక పద్యాలు నోటికి చెప్పించింది. గుజరాతీ మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది, మాట దుకాణం దగ్గర, నల్లా దగ్గర, అక్షరాలు పెద్దయ్యాక దుకాణాల బోర్డుల మీద. గల్లీ మొత్తంలో ఆడవాళ్లకు నేనే నోరు. "సుగుణను పిలువుండ్రి" అంటే చాలు, మందుల దుకాణానికైనా, ఇంటి ఓనరు దగ్గరికైనా వెళ్లి చిలకలా మాట్లాడేదాన్ని. దానికి నాకు గర్వం ఉండేది. అది ఒప్పుకోవాలి.

వాళ్లు వచ్చింది మధ్యాహ్నం. బాపు నిద్రలో ఉన్నాడు, పెద్దబాపు పనిలో. ఒకామె, చేతిలో పెద్ద పుస్తకం, ముక్కుకు చేతిరుమాలు. ఆమెను పంపింది ఎవరో, ఏ ఆఫీసో మాకు తెలియదు. గల్లీ మొదట్లోనే ఆగింది, లోపలికి అడుగు పెట్టలేదు. అవ్వ నన్ను ముందుకు నెట్టింది.

"జాజరూ ఛే?" అని అడిగింది ఆమె.

మేము పాయఖానాను సండాస్ అనేవాళ్లం. మరాఠీవాళ్లూ అదే, ఒడియావాళ్లూ అదే, దుకాణం పిల్లలూ అదే. జాజరూ అన్నది ఇంట్లో అది ఉన్నవాళ్ల మాట. నేను అంతకు ముందు ఆ మాట వినలేదు. నాకు తెలిసింది జాజిరి. కాముని పున్నానికి, అంటే హోలీకి, పిల్లలం కోలలు పట్టుకుని, పాటలు పాడుతూ ఇంటింటికీ పోయి బియ్యమో బెల్లమో అడిగి తెచ్చుకునే ఆట. సూరత్‌కు వచ్చినా మావాళ్లు దాన్ని వదల్లేదు. ఆ పండుగ ఎంతో దూరం లేదు. ఇంత పెద్ద మనిషి మా జాజిరి గురించి అడిగిందని నా ముఖం వెలిగిపోయింది.

"ఛే!" అన్నాను. ఉంది అని.

"క్యాఁ?" ఎక్కడ?

"ఘేర్ ఘేర్!" అన్నాను చేతులు చాపి. నా లెక్కలో అది ఇంటింటికీ పోతాం అని. ఆమె లెక్కలో ఇంటింటికీ ఉంది అని.

ఆమె తలెత్తి మా గల్లీని చూసింది. ఇది నాకు బాగా గుర్తు, ఇన్నేండ్లయినా దీన్ని మాత్రం క్షమించలేకపోతున్నాను. ఆమె చూసింది. పాత రేకులు, గోనె పట్టాల తలుపులు, మంచం వేస్తే మనిషి నిలబడలేని గదులు, గుమ్మాల్లో బోర్లించిన చెంబులు. ఇంటింటికీ పాయఖానా ఎక్కడ పడుతుంది ఆ గల్లీలో? పొయ్యి మీదనా? కళ్లున్న మనిషికి ఆ మాట అబద్ధమని తెలియదా? ఒక్క అడుగు లోపలికి వేస్తే చాలు. వేయలేదు. "ఘేర్ ఘేర్" అని తనూ ఒకసారి అనుకుని, పుస్తకంలో రాసుకుని, రుమాలు సర్దుకుని వెళ్లిపోయింది. నేను ఎగురుతూ ఇంట్లోకి వచ్చి, "మన జాజిరి గురించి రాసుకున్నది అవ్వా!" అని చెప్పాను. చిన్నమ్మ బాబిన్ చుడుతూ, "జాజిరి ఆమెకెందుకే?" అంది.

పదిహేను రోజులకు పక్క గల్లీలో ఇటుకలు దిగాయి. మా గల్లీలో దిగలేదు. పెద్దబాపు పోయి అడిగితే, మీ గల్లీలో ఇంటింటికీ ఉన్నాయని రాసి ఉంది పో అన్నారట. ఎవరు చెప్పారు? ఒక చిన్నపిల్ల చెప్పింది. అసలు సంగతి ఆరా తీసి ఎవరో నవ్వారు, ఆ నవ్వు గల్లీ దాకా వచ్చింది. నల్లా దగ్గర మరాఠీ పిల్లలు నన్ను చూసి "ఘేర్ ఘేర్" అని అరిచేవాళ్లు. బాపు కొట్టలేదు. కొడితే బాగుండేది. బాపమ్మ మాత్రం ఒక్క మాట అంది: "పండుగ పేరును పెంట పేరు చేసినవు గదనే." ఆ ఏడు మా ఇంటి నుంచి జాజిరికి ఎవరూ పోలేదు. చిన్నమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, "పోనీ బిడ్డా, నీకేం తెలుసు" అంది. ఆమె ఒళ్లు అప్పటికే వేడిగా ఉంది.

నీళ్లు తాగని ఒంటికి జ్వరం వచ్చింది. మూత్రంలో మంట, నడుము నొప్పి, రాత్రంతా మూలుగు. దవాఖానాలో డాక్టరు ఆమెను కాదు, మమ్మల్ని తిట్టాడు: కడుపుతో ఉన్న మనిషికి నీళ్లు తాపకపోవడం ఏమిటని. నాకైతే గుజరాతీ రానట్టే నిలబడిపోయాను.

అప్పుడు మణిబెన్ వచ్చింది. మణిబెన్ గుజరాతీ మనిషి, పక్క గల్లీలో కొత్తగా కట్టిన పాయఖానాలు కడిగే పని. నలభై దాటిన మనిషి, సన్నగా, చెవులకు పెద్ద వెండి పోగులు. మా వాళ్లెవరూ ఆమె నీడ తాకేవాళ్లు కాదు. పక్క గల్లీవాళ్లు వాళ్ల పాయఖానాలకు మా వాళ్లను రానిచ్చేవాళ్లు కాదు, మీకు ఇంటింటికీ ఉన్నాయి కదా అని ఎగతాళి. ఆ కొసన ఉన్న పాయఖానా గదిలో మణిబెన్ చీపుర్లు, బకెట్లు పెట్టుకునేది, దానికి తన తాళం వేసుకునేది. చిన్నమ్మ గోడ పట్టుకుని గట్టుకు నడుస్తుండగా ఆమె చూసింది. చూసి, మా గుమ్మం ముందుకు వచ్చి, అడుగు దూరంలో నిలబడి, తాళంచెవి నేల మీద పెట్టింది. చేతికి ఇస్తే మేము పుచ్చుకోమని ఆమెకు తెలుసు. "నా దగ్గర ఇంకోటి ఉంది. కాకీని పంపించు, ఎవరైనా అడిగితే మణి పంపింది అని చెప్పు" అని నాతో గుజరాతీలో అంది. కాకీ అంటే చిన్నమ్మ. అవ్వ ఆ చెవి మీద నీళ్లు చల్లి తీసుకుంది. దానికే ఎర్రదారం చుట్టింది, ఎక్కడా పడిపోకుండా. చిన్నమ్మ ఆ రోజు రెండు చెంబుల నీళ్లు ఆగకుండా తాగింది. అట్లా తాగుతుంటే గొంతు కదలడం చూస్తూ మేమంతా కూర్చున్నాం, గుళ్లో అభిషేకం చూసినట్టు.

బిడ్డ నెల ముందే పుట్టింది, బతికింది. కొంచెం బలం రాగానే చిన్నమ్మ బిడ్డను ఎత్తుకుని రైలెక్కింది. "నన్ను మళ్ల ఈ ఊరికి తోల్కరావద్దు" అని చిన్నాయనతో తెగేసి చెప్పింది. ఆమె ఊళ్లో, ఆయన ఇక్కడ, వాళ్ల కాపురం కార్డు ముక్కల మీద నడిచింది.

పెద్దబాపు తిరిగి తిరిగి, కాళ్లు పట్టుకుని, మరుసటి ఏడు మా గల్లీకి కూడా నాలుగు గదులు కట్టించాడు. ఆ రోజు కొబ్బరికాయ కొట్టారు. మరాఠీ, ఒడియా, తెలుగు అందరం కలిసి ఉన్నామని ఒకాయన వచ్చి దండలు వేయించుకుని మాట్లాడి పోయాడు. ఆయన బండి మలుపు తిరగకముందే పెద్దబాపు జేబులోంచి తాళాలు తీశాడు. "మనం తిరిగినం, మనది. తెలుగు ఇండ్లకు ఇంటికో చెవి" అన్నాడు. ఒడియా ఆడవాళ్లు చెంబులు తీసుకుని గట్టు వైపు పోయారు. గట్టు మీది గీతను ఇటుకలతో కట్టామన్నమాట. నాకు అప్పుడు అట్లా తోచలేదు. కొత్త తలుపు, లోపల గడియ! నేను లోపలికి పోయి గడియ వేసి తీసి, వేసి తీసి, దేవుడికి దండం పెట్టుకున్నాను.

కడిగే పని మణిబెన్‌కే వచ్చింది. ఆ వానాకాలం ఖాడీ పొంగి పక్క గల్లీ పాయఖానాల్లోకి నల్లనీళ్లు ఎక్కాయి. మావి ఎత్తులో ఉన్నాయి. ఆ పొద్దున అవ్వ నాకు ఎర్రదారం చెవి ఇచ్చి, "ఇగ మనకు మనదున్నది, ఆమెది ఆమెకు ఇచ్చిరా" అంది. నేను పోయేసరికి మణిబెన్ మా నాలుగు గదులూ కడిగి, కడుపు పట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. ముఖమంతా చెమట. ఒక గది వాడుకుంటానని సైగ చేస్తోంది. పెద్దబాపు గొడుగు పట్టుకుని తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. నా వెనుకే అవ్వ, గల్లీ ఆడవాళ్లు నలుగురు.

"సుగుణా, చెప్పు బిడ్డా ఈమెకు. ఇది మనోళ్లదని. కడుగుడు వేరు, కూసునుడు వేరు."

అవ్వ వైపు చూశాను. అవ్వ కొంగు సర్దుకుంది. అంతే.

"మణిబెన్," అన్నాను, "ఆ జాజరూ అమారా లోకో మాటే ఛే. తమారాథీ నహీఁ జవాయ్." ఈ జాజరూ మా వాళ్లకు, మీరు పోకూడదు. ఒక్క తప్పు లేదు. మాట సరైనది, పలుకు సరైనది. జాజరూ అంటే ఏమిటో అప్పటికి నాకు బాగా తెలుసు.

"సారుఁ, దీక్రీ," అంది. సరే బిడ్డా అని. నేను చెవి చాపాను. ఆమె దాన్ని చూసి తల అడ్డంగా ఊపింది. "ఉంచు. మీ కాకీ మళ్లీ వస్తే కావాలి కదా." చీపురు చంకలో పెట్టుకుని, కడుపు ఒక చేత్తో పట్టుకుని, మోకాలి లోతు నల్లనీళ్లలోకి దిగి పోయింది. పెద్దబాపు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "శభాష్, నీ గుజరాతీ మంచిగైంది" అన్నాడు.

నాకు వాంతి వచ్చింది. నిజంగానే. అవ్వ వీపు రాసి, నోరు కడిగించింది. ఆ చెవి నా చేతిలోంచి తీసుకుంది. తర్వాత అది ఏమైందో ఇప్పుడు తెలిసింది.

ఇప్పుడు మేము ఉధ్నా అవతల ఏడంతస్తుల సొసైటీలో ఉంటున్నాం. ఇంట్లో రెండు స్నానాల గదులు. నవరాత్రికి గర్బా, చవితికి గణపతి, మేము అడిగితే బతుకమ్మకూ కింద చోటు ఇస్తారు. ప్రతి మీటింగులో సెక్రటరీ "ఆపణే బధా ఏక్" అంటాడు, మనమంతా ఒకటని. ఖాడీకి పైన సిమెంటు పలకలు వేశారు, వాసన మాత్రం పలకల సందుల్లోంచి వస్తూనే ఉంటుంది. ఆ చెవి దొరికిన వారంలోనే కింద వాచ్‌మన్ గది పక్క పాయఖానాకు బోర్డు పెట్టారు. గుజరాతీలో, నున్నటి అక్షరాలు. జాజరూ అన్న మాట లేదు, ఇప్పుడు అందరూ టాయ్‌లెట్ అంటారు. ఇది ఇండ్లవాళ్లకు, వాళ్ల చుట్టాలకు, పనివాళ్లు వాడరాదు అని రాశారు.

మెట్లు తుడిచే స్వరూప మెట్‌పల్లి వైపు పిల్ల. వచ్చి ఆరు నెలలు కాలేదు, ఇక్కడి అక్షరాలు రావు. నేను కూరగాయల సంచితో లోపలికి వస్తుంటే ఆపింది.

"అక్కా, గీ బోర్డు మీద ఏం రాసిండ్రు? వాచ్‌మన్ నవ్వుతుండు గాని చెప్తలేడు."

నేను బోర్డు చూశాను. ఆ పిల్ల ముఖం చూశాను. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పొద్దటి నుంచి నీళ్లు తాగలేదని అడగకుండానే తెలిసింది.

"ఎవలైనా వాడుకోవచ్చట. వాడినంక నీళ్లు పొయ్యాలెనట."

"గంతేనా? గింత పెద్దగ రాసిండ్రు గదా?"

"గుజరాతీల రాస్తే గట్లనే పెద్దగైతది. ఎవడన్నా అడిగితే మూడో అంతస్తు సుగుణమ్మ చదివి చెప్పిందను."

ఆ పిల్ల చీపురు గోడకు ఆనించి లోపలికి పోయింది. గడియ పడ్డ చప్పుడు వినపడేదాకా నేను సంచి దించకుండా బోర్డు ముందు నిలబడ్డాను.